ఖడ్గవిద్య - రెండు కలహములు

మా మండలమున కత్తి కథ యెత్తినచో బొబ్బిలి తలంపునకు రాక మానదు. 1757 జనవరి 24వ తేదీని విజయనగర ప్రభువు పక్షమున ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు ఆ కోటగోడలను కూల్చెను. పిమ్మట తాండ్ర పాపారాయుడు విజయరామరాజును గుడారముననే పొడిచి పగ తీర్చుకొనెను. 37 ఏండ్లు గడచినంత, 1794 జులై 10వ తేదీని, పద్మనాభము చెంత చినవిజయరామరాజు కుంఫిణీ సేనల కెదురొడ్డి నేలకొరగెను. మనకు శౌర్యము కొఱవడలేదు, ఐకమత్యము కొఱవడెను.

ఇటలీ కత్తిగురువులలోను కలహము పొడసూపెను. 1861లో దేశ మేకమైనను వారు ఏకము కాలేదు. మిలానులో జిసెప్పీ రడెల్లి ఆశ్వికులకై సేబరను వంపుకత్తిని, మణికట్టును గాక మోచేతిని ఇరుసుగా జేసికొని త్రిప్పుట నేర్పెను. సెత్తిమో దెల్ ఫ్రాతే దానిని 1876 నాటి గ్రంథమున వివరించెను. నేపుల్సువారు తమ ప్రాచీన సంప్రదాయమే శ్రేష్ఠమని వాదించిరి. ప్రభుత్వము నిర్ణాయక సంఘమును నియమించి, నేపుల్సువాడగు మాసానియెల్లో పరీజె గ్రంథమును మెచ్చి, 1884లో రోమునందు సైనిక గురువుల పాఠశాలను ఆతని కప్పగించెను. అయినను రడెల్లి మార్గీయులగు పెకొరారో, పెస్సీనాలు ఆ పాఠశాలయందే ఉపాధ్యాయులై, తదుపరి సేబరు గ్రంథమును రచించిరి. ఓడినవాని విద్య గెలిచినవాని యింటనే బ్రతికెను!

ఆ కాలముననే మనకు జరిగినదేమి? 1878 ఆయుధ చట్టము అనుమతి లేక ఆయుధము పట్టరాదని భారతీయుని శాసించి, ఐరోపీయుని మినహాయించెను. గరిడీలలో సాము మిగిలెను గాని, రోమునందలివంటి ఆచార్యపీఠము మనకు ఏర్పడలేదు. 2021లో టోక్యో ఒలింపిక్సున సేబరు పట్టి, తొలి పోటీని 15-3తో గెలిచిన భవానీదేవి చెన్నపట్టణమున తెలుగింట పుట్టిన బిడ్డ. ఒలింపిక్సులో ఖడ్గపోటీకి దిగిన తొలి భారతీయురాలు ఆమెయే. ఆమె తన విద్యకు మెరుగు దిద్దుకొనుటకు ఇటలీలోని లివోర్నోకు పోవలసివచ్చెను.

ఆ పాతచట్టము 1959 నాటి చట్టముతో రద్దయ్యెను. ఇక పరుల నన నేల? విజయదశమినాడు కత్తికి కుంకుమ నలది మరల గోడకు తగిలించుట విద్యారక్షణము కాదు. ఊరి గరిడీలో ముసలి గురువు కన్నుమూయకమునుపే ఆయన అడుగులను, వ్రేటులను వ్రాసికొనుడు, పిల్లలను పంపుడు. బొబ్బిలివారును విజయనగరమువారును ఒక్క పాఠశాలకు పునాది వేసిననాడే ఆ పాత కలహము తీరినదని మేము నమ్ముదుము.