ఆట చూసి వ్రాయడము కూడా ఒక చదువేనా?

పోయిన వేసవిలో ఒక సాయంకాలము మా సంఘములోని ఒక రైతు సోదరుడు కుమారుణ్ణి వెంటబెట్టుకొని మా యింటికి వచ్చారు. వందనాలు చెప్పి కూర్చున్నాక, చేతిలోని కాగితము మా ముందు పెట్టి, "అయ్యగారూ, ఇదేమి చదువో మీరైనా చెప్పండి. ఇంగ్లండులో ఆటల గురించి రాయడం నేర్పుతారంట. వీడు ఇంట్లో కూర్చుని క్రికెట్ చూస్తేనే నాకు గిట్టదు. ఇప్పుడు దానికోసం ఎకరంన్నర అమ్మమంటున్నాడు" అన్నారు. ఇంటర్ పూర్తిచేసిన ఆ అబ్బాయి తల వంచుకొని కూర్చున్నాడు గాని, కాగితము మీద నుండి చూపు తిప్పలేదు.

అది ఒక విశ్వవిద్యాలయము పంపిన ప్రవేశపత్రము. స్పోర్ట్స్ జర్నలిజములో మూడేండ్ల బి.ఏ. ఫీజు మన రూపాయలలో ఏడాదికి పది లక్షలు దాటుతున్నది. తిండి, అద్దె వేరు. మాకు వేదాంత విద్యలో డిప్లొమా ఉన్నదే గాని ఈ విద్య సంగతి తెలియదు. తెలియని దానికి ఔననీ కాదనీ చెప్పలేక పది రోజులు గడువు అడిగాము. ఇలాంటి కాగితములు ఇప్పుడు పల్లెలకు కూడా వస్తున్నవి గనుక, ఆ పది రోజులలో తెలుసుకొన్నది ఇక్కడ వ్రాస్తున్నాము.

మొదట మేమూ ఆ తండ్రిలాగే అనుకొన్నాము: ఆట చూడడము, ఎవరు గెలిచారో వ్రాయడము, దీనికి మూడేండ్లెందుకని. అది పొరపాటు. ఇంగ్లండులో విలేకరుల శిక్షణ కోసము 1951లోనే ఒక జాతీయ మండలి ఏర్పడింది. స్టాఫర్డ్‌షైర్, బ్రైటన్ వంటి విశ్వవిద్యాలయాలు నడుపుతూ వచ్చిన ఆటల జర్నలిజము డిగ్రీలలో ఆట ఒక భాగము మాత్రమే. పత్రికలకు వర్తించే చట్టము, ప్రభుత్వము పనిచేసే తీరు, షార్ట్‌హ్యాండ్ కూడా అందులో నేర్పుతారు. అవును, మన తాలూకా పట్టణాలలో మేడమీద టైపు ఇన్‌స్టిట్యూటులో నేర్చుకొనేవారే, ఆ షార్ట్‌హ్యాండే. అక్కడ నడిచేది 1968లో జేమ్స్ హిల్ అనే ఆయన రూపొందించిన టీలైన్ పద్ధతి. నిమిషానికి 100 మాటలు వ్రాయగలిగితేనే మంచి విలేకరి అని చాలాకాలము లెక్క. చేతిలో ఫోను ఉండగా ఇదెందుకని అడగవచ్చును. అక్కడి కోర్టులలో అనుమతి లేకుండా మాటలను రికార్డు చేయడము 1981 చట్టము ప్రకారము నేరము. ఆటగాడి మీద కేసు నడిస్తే ఆటల విలేకరి కూడా కోర్టులో కూర్చొని చేతితో వ్రాసుకోవలసిందే.

ఆట వార్త వ్రాసే పద్ధతి మాకు వింతగా తోచింది. రాత్రి జరిగే ఫుట్‌బాల్ ఆటకు వార్త ఆట అయిపోయాక మొదలుపెడితే పత్రిక అచ్చుకు అందదు. కనుక సగము ఆటకు కొంత, ముగిసేముందు ఇంకొంత పంపి, చివరి ఈల మ్రోగగానే పై వాక్యాలు అతికిస్తారు. 1999 మే 26న బార్సిలోనాలో యూరప్ కప్పు ఫైనలు జరిగింది. జర్మనీకి చెందిన బాయర్న్ జట్టు ఆరవ నిమిషములోనే గోల్ చేసి, తొంభై నిమిషాలూ ముందే ఉన్నది. అదనముగా ఇచ్చిన మూడు నిమిషాలలో మాంచెస్టర్ యునైటెడ్ రెండు గోల్స్ చేసి కప్పు ఎత్తుకుపోయింది. బాయర్న్ గెలిచిందని ముందే వ్రాసిపెట్టుకొన్న విలేకరులందరూ ఆ కొద్ది నిమిషాలలో తిరగవ్రాసుకోవలసి వచ్చింది. ప్రసంగము సిద్ధపరచుకొని పీఠమెక్కాక వాక్యభాగము మారిపోతే ఎలాగుంటుందో మాకు తెలుసును గనుక వారి మీద జాలి కలిగింది.

కాని మమ్మల్ని నిలిపివేసినది మరొక సంగతి. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డు పట్టణములోని హిల్స్‌బరో మైదానములో లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ జట్ల మధ్య సెమీఫైనలు. కంచెల మధ్య నిలబడే గ్యాలరీలోకి మితిమీరి జనాన్ని వదలడముతో లివర్‌పూల్ అభిమానులు నలిగిపోయారు. పిల్లలతో కలిపి 96 మంది చనిపోయారు. నాటి గాయాలతోనే ఒకరు 2021లో చనిపోగా ఆ లెక్క 97 అయింది. ఆట చూసి వ్రాయడానికి వెళ్ళిన విలేకరులు ఆ మధ్యాహ్నము శవాల మధ్య నిలబడ్డారు.

నాలుగు రోజులకు, ఏప్రిల్ 19న, సన్ అనే పత్రిక "నిజము" అని పెద్ద అక్షరాలతో శీర్షిక పెట్టి, అభిమానులే మృతుల జేబులు దోచారనీ, పోలీసుల మీద మూత్రము పోశారనీ వ్రాసింది. పోలీసుల వైపు నుండి వచ్చిన మాటను పరీక్షించకుండా అచ్చువేశారు. బిడ్డను పాతిపెట్టబోయే తల్లి ఆ ఉదయము ఆ శీర్షిక చదివి ఉంటుంది. స్వతంత్ర విచారణ సంఘము అది అబద్ధమని 2012లో తేల్చింది; పత్రిక క్షమాపణ చెప్పింది. మృతులు చట్టవిరుద్ధముగా చంపబడ్డారనీ అభిమానుల తప్పేమీ లేదనీ న్యాయస్థానములో జ్యూరీ చెప్పేసరికి 2016 వచ్చింది. ఇరవై ఏడేండ్లు! లివర్‌పూల్‌లో నేటికీ ఆ పత్రికను కొననివారు ఎందరో. ఇదంతా చదివిన తరువాత, ఆటల గురించి వ్రాసేవానికి చట్టమెందుకు, షార్ట్‌హ్యాండ్ ఎందుకు అని మేము మరల అడగలేదు.

పదవ రోజున తండ్రీ కొడుకులు మరల వచ్చారు. ఇది తేలిక చదువు కాదనీ, ఆట చూస్తూ కాలక్షేపము చేయడము అంతకన్నా కాదనీ ముందు ఆ తండ్రికి చెప్పాము. అబ్బాయి ముఖము వెలిగింది. తరువాత డబ్బు లెక్క వేశాము. విద్యార్థి వీసా మీద వెళ్ళినవారు చదువు నడిచే రోజులలో వారానికి 20 గంటలకు మించి పని చేయరాదు. స్వంతముగా పని పెట్టుకోరాదు. అంటే ఒక్కొక్క వార్తకు ఇంత అని పత్రికల వద్ద డబ్బు తీసుకొనే అలవాటు పని కూడా కుదరదు. ఆ వృత్తిలో కొత్తవారు ఎక్కువగా కాలు పెట్టేది ఆ దారినే. ఇది విని అబ్బాయి, "ఏజెంటు ఈ మాట చెప్పలేదండి" అన్నాడు. ఇంకొకటి కూడా దాచలేదు: ఆటలు ఎక్కువగా శని ఆదివారములలోనే గనుక ఆరాధనకు అందడము కష్టము. తల్లి తలుపు దగ్గర నిలబడి వింటున్నది. ఆ మాటకు ఆమె ఏమీ అనలేదు.

"బాబూ, నీకు ఇంగ్లండు కావాలా, ఈ పని కావాలా?" అని అడిగాము. కాసేపు ఆలోచించి, "పనేనండి" అన్నాడు. అలాగైతే పొలము అమ్మనక్కర లేదన్నాము. ఇక్కడే డిగ్రీ చదివి, తరువాత ఉస్మానియాలో గాని మరొక చోట గాని జర్నలిజము చేయవచ్చును. ఉస్మానియాలో ఆ శాఖ 1954 నుండి ఉన్నది. ఈలోగా వ్రాయడము మొదలుపెట్టవచ్చును. వార్త మన మండలాలలో లేకపోలేదు. వరంగల్ జిల్లా కల్లెడ గ్రామములో కూలి పని చేసుకొనే కుటుంబములో పుట్టి, బుద్ధిమాంద్యము ఉన్నదని ఊరిలో ఎగతాళి పడ్డ జీవంజి దీప్తి 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లు 55.82 సెకన్లలో పరుగెత్తి కంచు పతకము తెచ్చింది. పతకము వచ్చినాక అందరూ వ్రాశారు. అంతకుముందు ఆమె పేరు ఏ విలేకరి పుస్తకములో ఉన్నదో అని అబ్బాయిని అడిగాము.

అతడు ఇప్పుడు మన దగ్గరే డిగ్రీలో చేరాడు. సాయంకాలము ఒక దినపత్రిక మండల విలేకరి వెంట తిరుగుతున్నాడు. చేతికి వచ్చేది బస్సు చార్జీలకు సరిపోదని తండ్రి సణుగుడు. సంక్రాంతి కబడ్డీ పోటీల వార్త అతడు వ్రాసిందే జిల్లా పేజీలో వచ్చింది. అందులో గెలిచిన జట్టులోని ఒక అమ్మాయి యింటిపేరు తప్పుపడ్డది. ఆమె తండ్రి పత్రిక చేతపట్టుకొని మా దగ్గరకే వచ్చారు, మా కుర్రవాడని తెలిసి. ఆ సాయంకాలము అబ్బాయి సైకిలు మీద వారి ఊరు వెళ్ళి, వాకిట్లో నిలబడి తప్పు ఒప్పుకొన్నాడట. ఆ పిల్ల యింటిపేరుతోబాటు జట్టులోని మిగిలిన పదకొండుమంది పేర్లు కూడా అడిగి, చదివి వినిపించి, సరిచూసుకొని వచ్చాడని వాళ్ళ నాన్నే మాకు చెప్పారు.