ఉగాదికి బంతి సాగు

బంతి ఆస్టరేసి కుటుంబానికి చెందిన ఏకవార్షిక పూల మొక్క. దీని జన్మస్థానం మెక్సికో. పెద్ద పూల బంతి శాస్త్రీయ నామం టాజెటిస్ ఇరెక్టా. వసంత ఋతువు తొలి పండుగయైన ఉగాదికి తెలుగువారు మామిడాకులతో పాటు బంతిపూలను కూడా గుమ్మాలకు కడతారు. హైదరాబాదులోని గుడిమల్కాపూర్ టోకు పూల మార్కెట్టుకు చేవెళ్ళ, శంకర్‌పల్లి, మొయినాబాద్ పరిసర గ్రామాల నుండి కూడా పూలు వస్తాయి. పండుగ ముందు గిరాకీ పెరిగి, పండుగ దాటగానే పడిపోతుంది. బంతి ఎక్కువ రోజులు నిలువ ఉండే సరుకు కాదు. అందువలన ఈ పంటలో విత్తే తేదీకి చాలా ప్రాముఖ్యత ఉన్నది.

విత్తే సమయం

శీతల దేశాలలో మంచు వలన చాలా పూల మొక్కలకు చలికాలం ఎదుగుదల ఆగిపోయే కాలం. దక్కను పీఠభూమిపై మాత్రం అదే కాలంలో నారు పెంచవచ్చు. ఉగాది చాంద్రమానం ప్రకారం వచ్చే పండుగ కనుక తేదీ ఏటా మారుతుంది: 2025లో మార్చి 30, 2026లో మార్చి 19, 2027లో ఏప్రిల్ 7. 2026లో అధికమాసం ఉండుటచే 2027 ఉగాది వెనుకకు జరిగింది. కాబట్టి ఏటా ఒకే తేదీన విత్తక, పండుగ నుండి వెనుకకు లెక్కించవలెను. సుమారు 90 రోజులకు పూచే రకమైతే 2026 ఉగాదికి 2025 డిసెంబరు 19, 2027 ఉగాదికి 2027 జనవరి 7 వస్తాయి. చలికి మొలక, ఎదుగుదల మందగిస్తాయి కనుక మరొక వారం ముందు విత్తడం మేలు. పూసా నారంగి గేందా వంటి రకాలు పూతకు నాలుగు నెలలు పైగా తీసుకుంటాయి. కనుక ముందుగా రకం తెలుసుకొనవలెను.

విత్తే విధానం

నీరు నిలువని ఎత్తు మడిలో బాగా చివికిన పశువుల ఎరువు కలిపి, వరుసలలో గింజలను పలుచగా వేసి, సన్నని మట్టితో కప్పవలెను. లోతుగా పడిన గింజ సరిగా మొలవదు. తడి ఎక్కువైతే నారుకుళ్ళు తెగులు వస్తుంది. సాధారణంగా వారం రోజులలో మొలకలు వస్తాయి. ఇంటివద్ద కుండీలలో కూడా ఇదే పద్ధతి. సంకర రకాల పూల నుండి తీసిన గింజలు తల్లి మొక్క లక్షణాలను నిలుపుకొనవు.

నాటిన తరువాత

25 - 30 రోజుల నారును సాయంకాలం నాటి, వెంటనే నీరు పెట్టవలెను. మొక్క నిలదొక్కుకున్న తరువాత తల తుంచితే పక్క కొమ్మలు వచ్చి పూల సంఖ్య పెరుగుతుంది, కాని పూత కొన్ని రోజులు ఆలస్యమవుతుంది. విత్తే తేదీని లెక్కించునప్పుడు ఆ రోజులను కూడా కలుపుకొనవలెను.

ఇతర పూలు

చామంతిని సాధారణంగా పిలకల ద్వారా పెంచుతారు. పగటి సమయం తక్కువగా ఉన్న రోజులలో పూచే మొక్క కనుక అది ప్రధానంగా శీతకాలపు పువ్వు. మల్లెను కొమ్మ కత్తిరింపుల ద్వారా పెంచుతారు. చైనా ఆస్టర్, గైలార్డియాలను బంతి వలెనే గింజలతో నారు పోసి పెంచవచ్చు.