ఇచ్ఛాపురం నుంచి భోగాపురానికి సైకిలుపై

శ్రీకాకుళం: బాహుదా ఒడ్డున ఉన్న ఇచ్ఛాపురంలో తెల్లవారుజామున నాలుగున్నరకు సైకిలెక్కితే, కంచిలి దగ్గర గాని టీ నీళ్లు గొంతులో పడలేదు. పంపు, రెండు ట్యూబులు వెనక క్యారేజీకి కట్టుకుని బయలుదేరిన ఈ విలేకరిని చూసి కొట్టు యజమాని వేసిన మొదటి ప్రశ్న, "ఏటి బాబూ, బండి లేదేటి?"

పెద్దవాళ్లు నేటికీ మద్రాసు - కలకత్తా ట్రంకు రోడ్డనే అంటారు. ఏళ్ల తరబడి 5వ నెంబరు జాతీయ రహదారిగా ఉన్నది 2010లో నెంబర్లు మారాక 16 అయింది. 1890లలో రైలు వచ్చేదాకా పూరీ యాత్రికులు ఈ దారినే నడిచారు, ఎడ్లబళ్లు ఈ దారినే సాగాయి. అప్పుడు సత్రాలుండేవి. ఇప్పుడు దాబాలున్నాయి, నులక మంచం మీద కాసేపు నడుం వాల్చినా ఎవరూ ఏమీ అనరు.

హరిపురం నుంచి పలాస దాకా ఉద్దానం గాలి. జీడి, పనస, కొబ్బరి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపాన తీరం దాటినప్పుడు ఈ తోటలే నేలమట్టమయ్యాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఏళ్లు పడుతుంది గనుక, ఆ నష్టం ఒక్క ఏడాది లెక్కలో తేలేది కాదు. కాశీబుగ్గలో జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్ల వేళ్లకు అంటిన నల్లటి మరక సబ్బుకు పోదు.

టెక్కలి, కోటబొమ్మాళి ఎండలోనే గడిచాయి. మడపాం దగ్గర వంశధార వంతెన మీద గాలి తగిలాక ప్రాణం లేచివచ్చింది. టోల్‌గేటులో సైకిలుకు రుసుము లేదు, సంతోషమే. సైకిలుకు దారి కూడా లేదు. ఆ రాత్రి మకాం శ్రీకాకుళంలో.

మర్నాడు ఎచ్చెర్ల, చిలకపాలెం, రణస్థలం. నరసన్నపేట నుంచే రోడ్డు ఆరు వరుసలు. పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల దగ్గర షిఫ్టు దిగి సైకిళ్లపై ఇళ్లకు పోయేవాళ్లు కనిపించారు. ఎదుటి వైపు ఊరికి పోవాలంటే డివైడరు తెగిన చోటు దూరం. అందుకని కొందరు లారీలకు ఎదురుగా అంచు పట్టుకుని తొక్కుతున్నారు. వెనక దీపం ఉన్న సైకిలు ఒక్కటీ కనిపించలేదు. తప్పు వాళ్లదేనని సులువుగా అనేయవచ్చు. పని ముగించి పొద్దుపోయాక రెండు కిలోమీటర్లు చుట్టు తిరగమంటే మనమైనా తిరుగుతామా?

పూసపాటిరేగ దాటేలోగా రెండు పంక్చర్లు. పేలిన లారీ టైర్ల సన్నని ఇనుప తీగలు రోడ్డు అంచునే పడి ఉంటాయి, సైకిళ్లు పోయేదీ ఆ అంచునే. హైవే మీద పంక్చరు షాపులకు కొదవ లేదు గానీ సైకిలు ట్యూబు అడిగితే నవ్వుతున్నారు. చివరికి రోడ్డు దిగి ఊళ్లోకి నడిపించుకుపోతే, రావిచెట్టు కింద ఒక ముసలాయన నీళ్ల తొట్టిలో ట్యూబు ముంచి బుడగ పట్టుకున్నాడు. తీగముక్క ఊడబీకి చేతిలో పెట్టాడు.

విజయనగరం జిల్లాలో ఉండి కూడా ఈ రోడ్డు విజయనగరం పట్నం ముఖం చూడదు. నాతవలస, చంపావతి, భోగాపురం అంటూ సముద్రం పక్కనే దిగిపోతుంది. భోగాపురంలో తాటిముంజల బండి దగ్గర ఆగేసరికి మధ్యాహ్నం రెండయింది. రెండు రోజులకు 180 కిలోమీటర్ల పైచిలుకు. ముంజలు కోస్తున్నామె సైకిలు చక్రం నొక్కి చూసి, గాలి తగ్గిందని చెప్పింది.