అమ్మాయి హాస్టల్ నుంచి ఏడుస్తూ ఫోన్ చేస్తే...

కళాశాలలు తెరిచే రోజుల్లో భద్రాచలం బస్టాండులో కాసేపు నిలబడి చూడండి. హైదరాబాదు బస్సు పక్కన ట్రంకు పెట్టె, పరుపు చుట్ట, పచ్చడి సీసా. కిటికీలోంచి చేయి ఊపే కూతురు, కింద కొంగుతో కళ్లు తుడుచుకునే తల్లి. చర్ల, దుమ్ముగూడెం, బూర్గంపాడు వంటి అడవి అంచు ఊళ్ల నుంచి మన ఆడపిల్లలు కూడా పై చదువులకు బయలుదేరుతున్నారు. సీటు, ఫీజు, స్కాలర్‌షిప్పు గురించి మనం పది మందిని అడుగుతాం. అక్కడ అమ్మాయికి తోడెవరన్నది మాత్రం తోచదు.

నాకూ తోచలేదు. మా అమ్మాయి హాస్టల్లో చేరిన మూడో వారం ఒక రాత్రి ఫోన్ చేసింది. కొత్త విద్యార్థినుల స్వాగత సభకు సీనియర్లు తమ బృందంలోకి పిల్లల్ని ఎంపిక చేసుకున్నారట. ఆమె గదిలోని ముగ్గురినీ తీసుకున్నారు, ఆమెను పిలవలేదు. "నా యాస, నా స్కార్ఫు నచ్చలేదేమో అబ్బా, వచ్చేస్తాను" అంది. తెల్లవారి బస్సుకు వెళ్లి తీసుకొస్తానని లేచాను. మా ఇంటావిడ ఆపింది. "పిల్ల ఏడవడానికి ఫోన్ చేసింది, చదువు మాన్పించమని కాదు" అంది. పాతికేళ్లుగా పాఠాలు చెబుతున్న నాకు ఆ రాత్రి ఆమె పాఠం చెప్పింది.

ముందు తేల్చుకోవలసింది

పిలవకపోవడం వేరు, వేధించడం వేరు. అవమానించడం, భయపెట్టడం, ఇష్టం లేని పనులు చేయించడం ర్యాగింగ్. అది నేరమని మన రాష్ట్రంలో 1997లోనే చట్టం వచ్చింది. 2009లో యూజీసీ నిబంధనలు కూడా వచ్చాయి. రాత్రయినా పగలైనా 1800-180-5522 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు. అటువంటప్పుడు తల్లిదండ్రులు ఒక్క రోజు కూడా ఊరుకోకూడదు. పిలవకపోవడానికి మాత్రం ఫిర్యాదు లేదు. దానికి మందు ఇంటివారి ఓర్పే.

ఒక తల్లి చేసిన పని

ఈ బాధ మన పిల్లలకే పరిమితం కాదు. అమెరికా కళాశాలల్లో 'సొరారిటీ' అనే సోదరీ సంఘాలుంటాయి. 1851లో జార్జియా రాష్ట్రంలోని వెస్లియన్ కళాశాలలో పుట్టిన సంఘం వీటిలో తొలితరానిది. ఏటా కొత్త పిల్లలు సంఘాల ఇళ్లకు తిరిగి పరిచయం చేసుకుంటారు. నచ్చినవారికి ఆహ్వానం వస్తుంది, మిగతావారు కన్నీళ్లతో ఇంటికి ఫోన్ చేస్తారు. అలాంటి సంఘంలో చేరాలనుకున్న ఇమానీ అబ్దుల్ హక్ అనే యువతికి, హిజాబుతో తాను అక్కడ ఇమడలేనని అనిపించింది. ఆమె తల్లి ఆల్థియా కాలిన్స్ హిజాబు తీసెయ్యమనలేదు, ఇంట్లో కూర్చోమనీ అనలేదు. తల్లీకూతుళ్లు కలిసి 2005లో 'గామా గామా కై' అనే ముస్లిం సోదరీ సంఘాన్ని స్థాపించారు.

మనకిది కొత్త సంగతి కాదు. మక్కా వదిలి మదీనా చేరిన ముహాజిర్లను దైవప్రవక్త (స) స్థానిక అన్సార్లతో సోదరులుగా జత చేశారు. పరాయి ఊళ్లో అడుగుపెట్టిన మనిషికి కూడూ గూడూ ఎంత అవసరమో, "నావాడు" అనేవాడు కూడా అంతే అవసరం.

మా అమ్మాయిని ఆ బృందం తర్వాత కూడా పిలవలేదు. ఆ జాబితాలో పేరు లేని మరో పిల్ల చర్ల వైపు నుంచి వచ్చిన కోయ అమ్మాయి. ఇద్దరూ మా ఇంటి పచ్చడితో కలిసి అన్నం తినడం మొదలుపెట్టారు. మరుసటి ఏడాది కొత్తగా వచ్చిన పిల్లల్లో ఒంటరిగా కూర్చున్నవాళ్లను వెతికి పలకరించింది వీళ్లిద్దరే.

అందుకే తల్లిదండ్రులకు నా మనవి. అమ్మాయి ఏడిస్తే పూర్తిగా వినండి. "నీలోనే ఏదో లోపం" అనకండి, "పెట్టె సర్దుకో" అనీ అనకండి. వారం వారం మీరే ఫోన్ చేయండి. ఈసారి పచ్చడి సీసా కాస్త పెద్దది పంపండి. పక్క గది పిల్లకు కూడా సరిపోవాలి.