ఈ వయసులో మొటిమలా!

పింఛను తీసుకోవడానికి వచ్చిన ఒక పెద్దమనిషి కౌంటరు అద్దంలోంచి నావైపు తేరిపార చూసి, "ఏమ్మా, ఈ వయసులో మొటిమలేమిటి? మా మనమరాలికి వచ్చాయంటే అర్థమున్నది" అన్నారు. ఆయన మాటలో కల్మషం లేదు. కాని ఆయన వెనుక వరుసలో నిలబడ్డ పదిమందీ ఒక్కసారిగా నా ముఖంలోకి చూశారు.

నాకప్పుడు 33 ఏళ్లు. విజయవాడలో ఒక సహకార బ్యాంకులో క్యాషియరుగా పనిచేస్తున్నాను. ఉదయం నుంచి సాయంత్రం వరకు ఎందరో నా ముఖాన్ని రెండడుగుల దూరం నుంచి చూస్తూ ఉంటారు. నోట్లు లెక్కపెట్టేటప్పుడు తల వంచుకోవచ్చు గాని, డబ్బు చేతికిచ్చేటప్పుడు తల ఎత్తక తప్పదు కదా!

విచిత్రమేమంటే, పదహారేళ్ల ప్రాయంలో నాకు మొటిమల బాధ దాదాపు లేనేలేదు. స్నేహితురాళ్లు అద్దాల ముందు కంటతడి పెడుతుంటే నేను లోలోపల గర్వపడినదాన్ని. రెండో కాన్పు అయిన ఏడాదికి, 29వ ఏట, అవి మొదలైనాయి. నుదుటిపైన కాదు, చెక్కిళ్లపైన కాదు. గడ్డం మీద, దవడ వెంబడి, ముట్టుకుంటే సలిపే గట్టి గడ్డలుగా. ఒకటి మానేలోగా రెండు లేచేవి. మానినచోట నల్లటి మచ్చ నెలల తరబడి నిలిచిపోయేది.

మన భాషలోనే ఒక పొరపాటు ఇమిడి ఉన్నది. "వయసు మొటిమలు" అంటాం. సుశ్రుతసంహిత వీటిని ముఖదూషికలని పేర్కొని, యువకుల ముఖాలపై పుట్టే బూరుగు ముళ్లవంటి పిటకలని వర్ణించింది. బూరుగు మాను బోదెను దగ్గరగా చూసినవారికి ఆ పోలిక ఎంత కచ్చితమైనదో తెలుస్తుంది. వయసు విషయంలోనే ఆ మాట మనల్ని తప్పుదారి పట్టించింది. 25 ఏళ్లు దాటిన తరువాత కూడా కొనసాగేవి కొన్ని, ఆ తరువాతనే కొత్తగా పుట్టేవి కొన్ని. ఈ రెండు రకాలనూ నేటి వైద్యులు పెద్దవయసు మొటిమలుగా గుర్తిస్తున్నారు. పురుషులకంటే స్త్రీలలో ఇవి ఎక్కువ.

ఇంటివైద్యం సంగతి ఎక్కువగా చెప్పను. ప్రతి ఇంటిలోనూ జరిగేదే మా ఇంట్లోనూ జరిగింది. మా అత్తగారు జాజికాయ పాలతో అరగదీసి పట్టువేశారు. మా అమ్మ వేడి చేసిందని మజ్జిగ తాగమన్నది. తోటి ఉద్యోగిని ఒకామె టూత్‌పేస్టు రాయమన్నది. నిమ్మరసం రాసుకుని ఎండలో నడిచిన రోజున చర్మం కాలి, ఆ మచ్చ మొటిమల మచ్చలకంటే ఎక్కువ కాలం ఉన్నది. మా వారు మాత్రం, "అద్దం చూడటం తగ్గించు" అన్నారు. ఖర్చులేని సలహా అదొక్కటే.

అప్పుడు మా వీధి మొదట్లోని మందుల దుకాణానికి వెళ్లాను. కౌంటరు వద్దనున్న కుర్రవాడు నా ముఖం చూసి, చీటీ అడగలేదు, జబ్బు అడగలేదు. "ఇది రాయండి మేడమ్, మూడు రోజుల్లో తేడా తెలుస్తుంది" అని చిన్న ట్యూబు చేతిలో పెట్టాడు. అతడు చెప్పింది అక్షరాలా నిజమైంది. మూడో రోజుకు ఎరుపు తగ్గింది, వారానికి గడ్డలు అణిగాయి, నెలకు రంగు కూడా తేలింది. బ్యాంకులో అందరూ "ఏం రాస్తున్నావు?" అని అడిగారు. ఇద్దరికి ఆ పేరు నేనే చెప్పాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

రెండు నెలల తరువాత ఒక ఆదివారం రాయడం మరిచాను. సాయంత్రానికి ముఖమంతా భగ్గుమన్నది. మళ్లీ రాస్తే చల్లబడింది. ఆ రోజు నుంచి ఆ ట్యూబు నా అవసరం కాస్తా నా యజమాని అయింది. ఏడాది గడిచేసరికి చెక్కిళ్లపై సన్నని ఎర్రని రక్తనాళాలు దారాల్లా కనిపించసాగాయి. పొయ్యి ముందు నిలబడితే నిప్పు రాజుకున్నట్లుండేది. పైపెదవి మీద నూగు దట్టమైంది. అన్నిటికీ మించి, మొటిమలు మునుపటికంటే ఎక్కువగా, ఒకే తీరున, చిన్న చిన్న ఎర్రటి పొక్కులుగా మళ్లీ వచ్చాయి.

ఆ ట్యూబుపైన చీమతలకాయంత అక్షరాలలో మూడు పేర్లున్నాయి: హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, మొమెటసోన్. మొదటిది రంగును తగ్గించేది, రెండోది విటమిన్-ఏ నుంచి పుట్టిన ఆమ్లం, మూడోది స్టెరాయిడ్. ఈ మూడింటి కలయిక వెనుక ఒక చరిత్ర ఉన్నది. ఫిలడెల్ఫియాలో పనిచేసిన ఆల్బర్ట్ క్లిగ్మన్ అనే చర్మవైద్యుడు, విటమిన్-ఏ ఆమ్లం మొటిమలకు పనిచేస్తుందని 1969లో ప్రకటించాడు. 1975లో ఆయనే మరొకరితో కలిసి నల్లమచ్చలు తగ్గించడానికి హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, డెక్సామెథసోన్‌ల మిశ్రమాన్ని ప్రతిపాదించాడు. వైద్యుని పర్యవేక్షణలో, మచ్చలపై, కొద్ది వారాలపాటు మాత్రమే వాడవలసిన ఆ సూత్రమే స్టెరాయిడ్ పేరు మార్చుకుని, మన దేశంలో ముఖానికి పూసుకునే సర్వరోగనివారిణి అయి కూర్చున్నది. క్లిగ్మన్ కీర్తికి మరో పార్శ్వమూ ఉన్నది; హోమ్స్‌బర్గ్ కారాగారంలోని ఖైదీలపై ఆయన 1974 వరకు సాగించిన చర్మప్రయోగాలను లోకం నేటికీ క్షమించలేదు. నన్ను గాయపరచిన మందూ, తరువాత నన్ను బాగుచేసిన మందూ కూడా ఏదో ఒక విధంగా ఆయన పరిశోధనల నీడలోంచి వచ్చినవే!

నా అనుభవం నా ఒక్కదానిదే కాదు. దేశంలోని 12 చికిత్సాకేంద్రాలలో ముఖచర్మ సమస్యలతో వచ్చిన 2926 మందిని పరిశీలించిన ఒక అధ్యయనం 2011లో వెలువడింది. వారిలో 433 మంది ముఖానికి స్టెరాయిడ్ లేపనాలు వాడుతున్నారు. నాలుగోవంతు మంది మొటిమల కోసమే రాసుకుంటున్నారు. సగానికి పైగా వైద్యుడు కాని వారి సలహా మీద మొదలుపెట్టినవారే. వాడుతున్న ప్రతి పదిమందిలో తొమ్మిదిమందికి ఏదో ఒక దుష్ఫలితం కలిగింది. వాటన్నిటిలో ఎక్కువగా కనిపించినది మొటిమలే. మొటిమలకని రాసినది మొటిమలనే పెంచుతున్నదన్నమాట. 2018లో కేంద్రప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ లేపనాలను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని నిబంధన తెచ్చింది. నిబంధన కాగితంపై ఉన్నది. కుర్రవాడు కౌంటరుపై ఉన్నాడు.

చివరకు ప్రభుత్వ ఆసుపత్రి చర్మవిభాగానికి వెళ్లాను. నామమాత్రపు చీటీతో, రెండున్నర గంటల నిరీక్షణతో, ఒక వయసుమళ్లిన డాక్టరమ్మ ముందు కూర్చున్నాను. ఆమె నా ముఖం చూసి ముందు అడిగిన ప్రశ్న, "ఆ ట్యూబు సంచీలో ఉన్నదా?" అని. తీసి ఇచ్చాను. చెత్తబుట్టలో వేసి, "చూడమ్మా, ఆరు వారాలు నరకం. తరువాత నీ ముఖం నీకు తిరిగి వస్తుంది" అన్నారు.

ఆరు కాదు, తొమ్మిది వారాలు పట్టింది. ఆ కాలమంతా సువాసనలేని సాదా తేమలేపనం, డాక్సీసైక్లిన్ మాత్రలు, చల్లటి నీటి గుడ్డ, అంతే. ఎర్రగా ఉబ్బిన ముఖంతోనే కౌంటరులో కూర్చున్నాను. పింఛను పెద్దమనిషి ఈసారి ఏమీ అనలేదు. అది మరింత కష్టంగా తోచింది.

అసలు మొటిమల చికిత్స ఆ తరువాతే మొదలైంది. డాక్టరమ్మ చీటీ వెనుక బొమ్మ గీసి చెప్పిన విషయం ఇది. చర్మంలో ప్రతి వెంట్రుక కుదురు పక్కన ఒక తైలగ్రంథి ఉంటుంది. ఆండ్రోజన్‌లనే హార్మోన్‌లు దానిని ప్రేరేపిస్తే జిడ్డు ఎక్కువగా ఊరుతుంది. రాలిపోవలసిన మృతకణాలు ఆ జిడ్డుతో కలిసి రంధ్రానికి బిరడాలా అడ్డుపడతాయి. మూతపడిన ఆ గదిలో, మన చర్మంపై సహజంగా ఉండే ఒక బాక్టీరియా పెరుగుతుంది; శరీరం దానిపై యుద్ధానికి దిగితే వాపు, ఎరుపు, చీము. కనుక సబ్బుతో రోజుకు ఆరుసార్లు తోమినా లాభం లేదు. బిరడా లోపల ఉన్నది. మురికివల్ల మొటిమలు రావు. రుద్దితే మాత్రం ఎక్కువవుతాయి.

ఆమె రాసినవి రెండే ట్యూబులు. రాత్రికి అడపాలిన్ 0.1 శాతం, ఉదయానికి బెంజోయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం. మొదటిది విటమిన్-ఏ కుటుంబానిది; బిరడాను విప్పుతుంది. రెండోది బాక్టీరియాను చంపుతుంది. యాంటీబయాటిక్‌లకు లొంగని సూక్ష్మజీవులు దీనికి లొంగకుండా తయారుకాలేదు. రెండూ పాత మందులే. నేను 5 శాతం రాయమని అడిగాను, ఎక్కువైతే త్వరగా తగ్గుతుందన్న ఆశతో. 2.5, 5, 10 శాతాలను పోల్చిన ఒక పరీక్ష 1986లోనే వెలువడిందనీ, ఎర్రని మొటిమలను తగ్గించడంలో మూడూ సమానమేననీ, 10 శాతానికి మంట మాత్రం ఎక్కువనీ చెప్పి ఆమె నా నోరు మూయించారు. రెండు ట్యూబులకూ కలిపి నాకైన ఖర్చు నాలుగు వందల లోపు. దాదాపు రెండు నెలలు వచ్చాయి. అంతకు ముందు ఫేస్‌వాష్‌లకూ, సీరమ్‌లకూ, బ్యూటీపార్లరుకూ తగలేసిన సొమ్ము లెక్కవేయడానికి, క్యాషియరునై ఉండి కూడా, నాకు ధైర్యం చాలలేదు.

ఇంకా చౌకగా కావలసినవారికి 2008లో ఆరంభమైన జన ఔషధి కేంద్రాలున్నాయి. బ్రాండు పేరులేని మందులు అక్కడ 50 నుంచి 90 శాతం తక్కువ ధరకు దొరుకుతాయని ప్రభుత్వం చెబుతున్నది. అన్ని కేంద్రాలలోనూ అన్ని మందులూ ఉండవు. వెళ్లే ముందు చీటీలో మందు అసలు పేరు రాయించుకోవడం మంచిది. డాక్టర్లు అడిగితే రాస్తారు. మనమే అడగం.

వాడే పద్ధతిలోనే చాలామంది ఓడిపోతారు. అడపాలిన్‌ను మొటిమపైన మాత్రమే కాక, మొటిమలు వచ్చే ప్రాంతమంతటా, మొత్తం ముఖానికి బఠానీగింజంత, పొడి చర్మంపై రాయాలి. మొదట రోజు విడిచి రోజు. మొదటి నెలలో చర్మం పొరలు లేస్తుంది, మొటిమలు కొంచెం పెరిగినట్లు కూడా కనిపించవచ్చు. సరిగ్గా ఆ సమయంలోనే ఎక్కువమంది "పడలేదు" అని మానేస్తారు. ఫలితం 8 నుంచి 12 వారాలకు గాని తెలియదు. మూడు రోజుల్లో తేడా చూపిన ట్యూబు రుచి మరిగిన నాకు ఈ పన్నెండు వారాలు పన్నెండు నెలలయ్యాయి. పదో వారంలో ఒక ఉదయం ముఖం కడుక్కుంటుంటే దవడ కింద నొప్పి లేదని గమనించాను.

ఒక జాగ్రత్త. గర్భవతులు, గర్భం కోరుకుంటున్నవారు అడపాలిన్ జాతి మందులు వాడరాదు. వారికి అజెలాయిక్ ఆమ్లం వంటి సురక్షితమైన లేపనాలు ఉన్నాయి. బెంజోయిల్ పెరాక్సైడ్‌ను చల్లని చోట ఉంచాలి. వేడికి అది విచ్ఛిన్నమై బెంజీన్ అనే హానికర పదార్థం పుట్టవచ్చునని 2024లో అమెరికాలో కలకలం రేగింది. అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ 2025లో 95 ఉత్పత్తులను పరీక్షించి, 90 శాతానికి పైగా వాటిలో అది లేదనో, అత్యల్పమనో తేల్చి, కొద్దింటిని మాత్రమే ఉపసంహరింపజేసింది. భయపడి మానవలసినది లేదు గాని, మా బెజవాడ మే నెలలో స్కూటరు డిక్కీలో పెట్టి మరిచిపోకూడదు.

నెలసరికి ముందు వారం దవడపై మొటిమలు లేచే స్త్రీలలో హార్మోన్‌ల పాత్ర ఉంటుంది. నెలసరి క్రమం తప్పడం, ముఖంపై రోమాలు పెరగడం తోడైతే అండాశయాలలో నీటిబుడగల సమస్య ఉన్నదేమో చూపించుకోవాలి; అప్పుడు లేపనాలతోనే సరిపెట్టుకోరాదు. ఇటువంటి మొటిమలకు స్పైరనోలాక్టోన్ అనే పాత బి.పి. మాత్రను వైద్యులు ఎంతోకాలంగా వాడుతున్నారు. 410 మంది స్త్రీలపై బ్రిటన్‌లో జరిపిన పరీక్ష ఫలితాలు 2023లో వెలువడి, ఆ అనుభవాన్ని బలపరిచాయి. ఇదీ గర్భవతులకు నిషిద్ధమే. తీవ్రమైన మొటిమలకు 1982 నుంచి వాడుకలో ఉన్న ఐసోట్రెటినోయిన్ గుళికలు అద్భుతంగా పనిచేస్తాయి. కాని అవి గర్భంలోని శిశువుకు ఘోరమైన వైకల్యాలు కలిగిస్తాయి. పొరుగింటి పిల్ల చీటీతో అవి కొని మింగేవారిని నేను ఎరుగుదును.

డాక్టరమ్మ చివరగా అడిగిన ప్రశ్న నాకు నవ్వు తెప్పించింది: "తలకు నూనె రాత్రి పెడతావా, పగలా?" రాత్రే. కొబ్బరినూనె నుదుటిపైకి, అక్కడి నుంచి దిండుకు, దిండు నుంచి చెంపకు. తలంటుకు గంట ముందు పెట్టి కడిగేసుకోమన్నారు. మా అత్తగారు దీన్ని మాత్రం ఒప్పుకోలేదు.

ఇప్పుడు నాకు 36 ఏళ్లు. చెక్కిళ్లపై ఆ ఎర్రని దారాలు రెండు మూడు అలాగే ఉన్నాయి, అవి పోవన్నారు. నెలకొకసారి గడ్డంపై ఒకటో రెండో లేస్తాయి, పోతాయి. నేను పేరు చెప్పిన ఇద్దరిలో ఒకామెను నేనే వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకువెళ్లాను. రెండో ఆమె బదిలీ అయి వెళ్లింది, ఉత్తరం రాశాను, జవాబు రాలేదు. బెంజోయిల్ పెరాక్సైడ్ తగిలిన బట్ట రంగు వెలిసిపోతుంది కనుక, దిండు గలీబులు మాత్రం అన్నీ తెల్లవే కొంటున్నాను.