గాదంకి గాలి లెక్క

నేను ఫిజిక్స్ చెప్పే మాస్టారిని. కదలికను బట్టి తరంగం మారే డాప్లర్ పాఠం వచ్చిందంటే, రైలు కూతతో ఆపకుండా పిల్లలకు గాదంకి గురించి చెబుతాను. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో ఉందా ఊరు. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో పైగాలిని పరిశీలించే ఎంఎస్‌టీ రాడార్ ఉంది. దానికి గిరగిరా తిరిగే డిష్ లేదు. 130 మీటర్ల చదరంలో వరుసకు 32 చొప్పున 1,024 యాంటెన్నాలు నేలమీద నిలబడి ఉంటాయి, అంతే.

అవి 53 మెగాహెర్ట్జ్ తరంగాలను ఆకాశంలోకి పంపుతాయి. మబ్బు, చినుకు లేకపోయినా సరే, గాలిలోని సుడుల నుంచే సన్నని ప్రతిధ్వని వస్తుంది. గాలి సెకనుకు ఒక మీటరు చొప్పున పైకి లేస్తుంటే, తిరిగొచ్చే తరంగంలో తేడా ఎంతో తెలుసా? సెకనుకు 5.3 కోట్ల కంపనాల్లో సుమారు మూడో వంతు కంపనం! అంత చిన్న తేడాను పట్టుకోవడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

రాడార్‌కు తెలిసేది తనవైపు వచ్చే, తననుంచి పోయే కదలికే. అందుకే కిరణాన్ని నాలుగు దిక్కులకూ కాస్త వంచి, అడ్డంగా వీచే గాలిని కూడా లెక్కగడతారు.

మచిలీపట్నం, విశాఖల్లో వాతావరణ శాఖ నడిపే డాప్లర్ రాడార్లదీ ఇదే సూత్రం. అవి చినుకుల కదలికను బట్టి తుపాను గాలుల వేగం చెబుతాయి. తీరంలో ఉండేవాళ్లు తుపాను హెచ్చరిక వినగానే సురక్షిత చోటికి బయల్దేరండి.