హెడ్ పోతే కారు పోయినట్లు కాదు

పాత కారు వేడెక్కి దారిలో ఆగిపోతుంది. మెకానిక్ వచ్చి చూసి "హెడ్ పోయిందండీ" అంటాడు. ఆ మాట వినగానే యజమానికి కాళ్లూ చేతులూ ఆడవు. బండిని తూకానికి అమ్మేయాలా, వేరే హెడ్ కొని వేయించాలా అన్నది ఒక పట్టాన తేలదు. ఈ రెండింటిలో ఏది చేసినా తొందరపాటే. దించిన హెడ్‌ను పరీక్ష చేయించందే అది పనికొస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు. అది ఎందుకు పాడైందో తేల్చుకోకుండా కొత్తది వేయించినా మళ్లీ అదే గతి పడుతుంది.

పల్లెల్లో అక్కడక్కడ పాత అంబాసిడర్లు ఇంకా తిరుగుతున్నాయి. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో 1950ల చివర మొదలైన ఈ కారు తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. కంపెనీ నుంచి కొత్త ఇంజను సామాను వచ్చే రోజులు పోయాయి. ఇప్పుడు దిక్కల్లా పాత నిల్వలు, బయటి తయారీ సామాను, సెకండ్ హ్యాండ్ సరుకే. కృష్ణా జిల్లా వారికి వీటి కోసం విజయవాడ ఆటోనగర్ ఉంది. అక్కడికి హెడ్‌ను మోసుకెళ్లే ముందు యజమానులు కొన్ని సంగతులు తెలుసుకుంటే డబ్బు వృథా కాదు.

కుండ మీద మూత

ఇంజను బ్లాకును కుండ అనుకుంటే హెడ్ దాని మూత. రెంటికీ మధ్య గాస్కెట్ ఉంటుంది. ఈ మూత పక్కనే మంట, నీరు, ఆయిలు మూడూ వేర్వేరు దారుల్లో పోతుంటాయి. మూత వంగినా, పగిలినా, గాస్కెట్ కాలినా ఆ దారులు ఒకదానితో ఒకటి కలుస్తాయి.

గుర్తులు తెలుసుకోవడం కష్టం కాదు. బయట ఎక్కడా కారకుండానే రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటాయి. చల్లగా ఉన్నప్పుడు మూత తీసి ఇంజను స్టార్టు చేస్తే నీళ్లలో బుడగలు ఆగకుండా వస్తాయి. ఇంజను బాగా కాగిన తరువాత కూడా సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ పోతుంది. ఆయిలు పాలు పోసిన టీ రంగుకు తిరుగుతుంది. ఆయిలు పోసే మూత కింద కాస్త తెల్లటి మీగడ కనిపించినంత మాత్రాన భయపడక్కర్లేదు. చలికాలంలో దగ్గర దూరాలకే తిరిగే బండికి అది మామూలే. డిప్‌స్టిక్‌కు అంటిన ఆయిలే తెల్లబడితే మాత్రం బండిని ఒక్క మైలు కూడా నడపరాదు. నీరు కలిసిన ఆయిలు బేరింగులను తినేస్తుంది. హెడ్‌తో పోయేది ఇంజను మొత్తానికి వస్తుంది.

హెడ్ దించకముందే కంప్రెషన్ చూపించుకోవాలి. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లలో తగ్గితే గాస్కెట్ ఆ రెంటి మధ్య కాలి ఉండవచ్చు. అప్పుడు గాస్కెట్ మార్పుతోనే పని అయిపోయే అవకాశం ఉంది.

అసలు జబ్బు నీళ్లది

హెడ్ తనంతట తాను పాడు కావడం తక్కువ. పది బండ్లలో ఎక్కువ వాటికి మూలం వేడే. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోస్తే రేడియేటర్ గొట్టాల్లోను, బ్లాకు లోపల సందుల్లోను సున్నపు పొర పేరుకుంటుంది. నీరు పారదు, వేడి దిగదు. ఫ్యాన్ బెల్టు వదులైనా, వాటర్ పంపు కారుతున్నా, థర్మోస్టాట్ బిగుసుకుపోయినా ఫలితం అదే.

మరో పొరపాటు మన చేతుల్లోనే జరుగుతుంది. పొగలు కక్కుతున్న ఇంజనులో చెంబెడు చన్నీళ్లు కుమ్మరిస్తారు. కాలిన పెనం మీద నీళ్లు చల్లినట్లే. పోత ఇనుము హెడ్ అయితే పగులుతుంది. అల్యూమినియం హెడ్ అయితే వంగుతుంది. అంబాసిడర్ పాత 1489 సీసీ పెట్రోలు ఇంజను హెడ్ పోత ఇనుముది. ప్రీమియర్ పద్మిని హెడ్ అల్యూమినియంది. ఇంజను వేడెక్కితే బండి ఆపి, కనీసం అరగంట ఆరనిచ్చి, ఆ తరువాతే మూత తీయాలి. వేడి మీద తీస్తే మరుగుతున్న నీరు ముఖం మీదికి చిమ్ముతుంది.

దించడంలోనే ఉంది నేర్పు

రేడియేటర్‌లోను, బ్లాకులోను నీళ్లు పూర్తిగా వదిలేసిన తరువాతే హెడ్ నట్లు విప్పాలి. లేకపోతే ఆ నీరు ఆయిలు చాంబర్‌లోకి దిగుతుంది. నట్లను ఒకేసారి ఊడదీయరాదు. చివరల నుంచి మధ్యకు వస్తూ కొద్దికొద్దిగా వదులు చేయాలి. పుష్‌రాడ్లు ఏది ఎక్కడిదో గుర్తుండేలా అట్టముక్కకు ఎనిమిది రంధ్రాలు పొడిచి వరుసగా గుచ్చుకుంటే చాలు.

దించిన హెడ్‌ను శుభ్రం చేసి, అడుగున సరళమైన ఉక్కు బద్ద పెట్టి, ఫీలర్ గేజితో నిలువుగా, అడ్డంగా, మూల నుంచి మూలకు చూడాలి. నాలుగు సిలిండర్ల హెడ్‌కు సాధారణంగా 0.05 నుంచి 0.1 మిల్లీమీటరు దాకా వంపు ఉండవచ్చు. అంటే ఇంచుమించు తలవెంట్రుక మందం. అంతకు మించితే లేత్ షాపులో ఫేసింగ్ చేయించాలి. ఫేసింగ్ కూడా ఎంత అవసరమో అంతే. ఎక్కువ గీస్తే కంప్రెషన్ పెరిగి ఇంజను కొట్టుకుంటుంది. డీజిలు ఇంజనులో వాల్వుకు, పిస్టనుకు మధ్య ఖాళీ బహు తక్కువ గనుక మరీ జాగ్రత్త కావాలి. ఎంత గీశారో షాపు వారిని అడిగి రాయించుకోవాలి.

పగులు కంటికి ఆనకపోవచ్చు. రంగు మందు పూసి చూసే పద్ధతి ఒకటి. నీటి రంధ్రాలన్నీ మూసి లోపలికి గాలి కొట్టి వేడి నీళ్ల తొట్టెలో ముంచి బుడగలు చూసే పద్ధతి మరొకటి. రెండో పరీక్ష లేకుండా సెకండ్ హ్యాండ్ హెడ్ కొనడమంటే చీకట్లో గొడ్డును బేరమాడినట్లే.

బాగు చేయించాలా, మార్చాలా?

వంపు మాత్రమే ఉంటే ఫేసింగ్ చాలు. అల్యూమినియం హెడ్‌లో చిన్న పగులును ఆర్గాన్ వెల్డింగ్‌తో పూడ్చవచ్చు. పోత ఇనుముకు అంత తేలిక కాదు. హెడ్ మొత్తాన్ని బాగా వేడి చేసి, వెల్డింగ్ చేసి, నెమ్మదిగా చల్లార్చాలి. చల్లటి హెడ్ మీద మామూలు వెల్డింగ్ పెడితే అతుకు పక్కనే కొత్త పగులు తేలుతుంది. వాల్వు సీట్ల మధ్య పగులు లోపలి నీటి దారి దాకా పోయిన హెడ్‌కు డబ్బు పెట్టడం కన్నా మార్చుకోవడమే మేలు.

మార్చేటప్పుడు ఇంజను రకం చూసుకోవాలి. అంబాసిడర్ అన్నంత మాత్రాన అన్ని హెడ్‌లూ ఒకటి కావు. పాత 1489 సీసీ పెట్రోలుది వేరు, డీజిలుది వేరు, తరువాత వచ్చిన 1817 సీసీ ఇసుజుది వేరు. పాత గాస్కెట్‌ను వెంట తీసుకెళ్లి రంధ్రాలు సరిపోల్చుకుంటే మోసం జరగదు. ఇంజను నంబరు బ్లాకుది గనుక హెడ్ మార్చినా ఆర్సీ పుస్తకంలో మార్పు ఉండదు. ఇంజను మొత్తం మారిస్తే మాత్రం రవాణా కార్యాలయంలో నమోదు చేయించాలి.

పెట్రోలు బండ్ల వారు మరో సంగతి గుర్తుంచుకోవాలి. దేశంలో 2000 ఫిబ్రవరి 1 నుంచి సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. పాత పోత ఇనుము హెడ్‌లలో ఎగ్జాస్ట్ వాల్వు సీట్లకు ఆ సీసమే రక్షణగా ఉండేది. అది లేకపోవడంతో సీట్లు అరిగి వాల్వులు లోపలికి దిగుతాయి, టాపెట్ ఖాళీ తగ్గిపోతుంది. హెడ్ ఎలాగూ దించారు గనుక గట్టి ఉక్కు సీట్లు వేయించుకుంటే మళ్లీ దించే పని తప్పుతుంది.

బిగింపు, ఆ తరువాత

పాత గాస్కెట్ మళ్లీ వాడరాదు. నట్లను మధ్య నుంచి చివరలకు, మూడు విడతలుగా టార్క్ రెంచితో బిగించాలి. 1489 సీసీ పెట్రోలు ఇంజనుకు లెక్క 40 అడుగు-పౌన్లు. చేతి బలంతో అందాజుగా బిగిస్తే కొత్త హెడ్ కూడా వంగుతుంది. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక ఇంజను చల్లగా ఉన్నప్పుడు బిగింపు చూసి, టాపెట్లు మళ్లీ సరిచేయించాలి.

ఇన్ని చేసినా రేడియేటర్ కడిగించకుండా బండి బయటికి తీస్తే పెట్టిన డబ్బు నీళ్లపాలే. బోరు నీళ్లు మాని, శుద్ధి చేసిన నీటిలో కూలెంట్ కలిపి పోయాలి. తెల్లవారి బయలుదేరే ముందు రేడియేటర్ మూత తీసి ఒకసారి చూడడానికి నిమిషం పట్టదు. హెడ్ పనికి బండి కొన్ని రోజులు షెడ్డులో ఉంటుంది. దాన్ని నమ్ముకున్న ఇంట్లో అన్ని రోజులూ రాబడి ఉండదు.